లోపల లేని కట్టడం

2018 నవంబరు 10, శనివారం. ఈస్ట్ హామ్

నాలుగింటికే చీకటి. ఇంట్లో నేనెక్కడ నిలబడినా ఎవరికో దారికడ్డమే. అమ్మాయి పురుడు ఇంకా నెలపైన ఉంది, మా ఆవిడకు అప్పుడే ఊపిరి సలపడం లేదు. "మావయ్యగారూ, బ్రిటిష్ మ్యూజియం ఉచితం, వెళ్ళిరండి" అని అల్లుడు రైలు కార్డు చేతిలో పెట్టాడు. మైల్ ఎండ్‌లో బండి మారాలి, హోబర్న్‌లో దిగాలి. కాగితం మీద బాణాలు వేసి మరీ ఇచ్చాడు. ఉద్యోగమంతా ఆర్ అండ్ బీలో ప్లాన్లు గీసినవాడికి దారి గీసిచ్చాడు. బాగుంది.

ఈజిప్టు హాల్లో కాలు పెట్టే చోటు లేదు. అసిరియా రెక్కల ఎద్దుల దగ్గర కాసేపు. చైనా గిన్నెలు, మన దేవుళ్ళు దాటాక చివర్న అద్దాల గది. 33ఏ. అద్దం అవతల లేత ఆకుపచ్చ రాయి.

పేరు చదవకముందే రాయిని గుర్తుపట్టాను. పల్నాటి రాయి, అమరావతి స్తూపానిది. ఎన్ని ఎస్టిమేట్లలో రాశాను దీన్ని, చదరపు మీటర్ల లెక్కన.

కోపం వచ్చింది. ఇవాళ ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

నవంబరు 12

గుంటూరు నుంచి బావ ఫోను. చెప్పాను. "వాళ్ళు పట్టుకుపోకపోతే అవి కూడా సున్నపు బట్టీలో కాలేవి బావా. కాల్చినన్ని కాల్చారుగా మనవాళ్ళు" అన్నాడు.

అదీ నిజమే. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త ఊరు కట్టుకుంటూ స్తూపం ఉన్న దీపాలదిన్నెలో రాయి తవ్వించాడు. కోనేటి మెట్లకు కొన్ని, సున్నానికి కొన్ని. 1845లో ఇలియట్ దొర తవ్వించి మద్రాసు పంపాడు, అక్కడ ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ పడున్నాయి. 1859లో ఓడెక్కి ఈ దేశం వచ్చాయి. ఇక్కడ మాత్రం ఎవరికి పట్టింది? 1867లో వాస్తు చరిత్రలు రాసిన ఫెర్గూసన్‌కి గుర్రపుబండ్ల కొట్టంలో కనపడ్డాయట. ఈ మ్యూజియానికి చేరింది 1880లో.

జమీందారు మీద కోప్పడనా? ఇలియట్ మీదా? కొట్టం తాళంచెవి పెట్టుకున్నవాడి మీదా? కోపానికి ఆనుకోడానికి గోడ దొరకడం లేదు.

నవంబరు 21, బుధవారం

పెన్సిలు, చిన్న పుస్తకం పట్టుకెళ్ళాను. వద్దనలేదు ఎవరూ.

ఇవాళ ఒక్క పలక ముందే నిలబడ్డాను. స్తూపం అడుగున, చుట్టూ తాపడం చేసిన పలకల్లో ఒకటి. దాని మీద చెక్కింది స్తూపాన్నే! కంచె, వాకిట్లో కూచున్న సింహాలు, వాకిలికి ఎదురుగా వేదిక మీద అయిదు ఆయక స్తంభాలు, వాటి వెనక గుమ్మటం, గుమ్మటం నిండా దండలు, పైన హర్మిక, గొడుగులు, గాలిలో తేలివచ్చే దేవతలు.

కట్టడం తన బొమ్మను తన ఒంటి మీదే చెక్కించుకుంది. ఒకసారి కాదు, పలక వెంట పలక. ఊళ్ళో దిన్నె ఖాళీ అయిపోయినా అది ఎలా ఉండేదో ఇవాళ చెప్పగలుగుతున్నారంటే ఈ పలకల వల్లే. కట్టినవాళ్ళకు ముందే అనుమానం వచ్చిందా?

సాంచీలో లాగా తోరణాలు లేవు. ఆ ఆయక స్తంభాలు సాంచీలో లేవు. అవి మనవి. అమరావతి, జగ్గయ్యపేట, నాగార్జునకొండ.

ఇంత శుభ్రమైన ఎలివేషను మా ఆఫీసులో ఎవరు గీశారని? స్కేలు ఒక్కటే లేదు. దణ్ణం పెట్టే మనిషి సింహమంత ఉన్నాడు.

నవంబరు 27

అమ్మాయి పుస్తకం తెప్పించింది, అమరావతి మీద రాబర్ట్ నాక్స్ రాసింది. మ్యూజియం దుకాణంలో ధర చూసి పెట్టేసి వచ్చానని ఎలా తెలిసిందో.

గుమ్మటం అడుగున అడ్డకొలత సుమారు 50 మీటర్లు. కంచె అడ్డకొలత సుమారు 59. అంటే చుట్టుకొలత 185 మీటర్ల పైమాట, ముందుకు పొడుచుకొచ్చిన వాకిళ్ళు కాక. 1:250కి పెడితే ఏ3 షీటులో కూచుంది. వంటగది బల్ల మీద ప్లాను వేశాను. వృత్తంలో వృత్తం, నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్ళు. పది నిమిషాల పని.

ఎలివేషను దగ్గర ఆగిపోయాను. ఎత్తెంత? పలకల్లో చూస్తే ఒకచోట బోర్లించిన గిన్నెలాగా ఉంది, ఇంకోచోట నిటారుగా లేచింది. శిల్పికి రాయి ఎంత ఉంటే అంత. పైభాగం చుక్కల గీతతో వదిలేశాను.

"ఏవండీ, బల్ల ఖాళీ చేస్తే చపాతీలు ఒత్తుకుంటాను."

డిసెంబరు 2, ఆదివారం

అల్లుడు సెయింట్ పాల్స్ తీసుకెళ్ళాడు. గుమ్మటం అడ్డకొలత 34 మీటర్లట. మనది 50 అన్నాను గట్టిగా. పక్కనున్న జపాను కుటుంబం తిరిగి చూసింది.

తరవాత కింద నిలబడి మెడ ఎత్తి చూశాను. నోట మాట లేదు. అంత బోలును గాలిలో నిలబెట్టాడు రెన్. మనది గట్టిది. మట్టి, ఇటుక పోగుపోసి పైన రాయి తొడిగారు. కొలతలో గెలిచి ఏం లాభం? కట్టడం అంటే లోపల చోటు చెయ్యడం కదా. లోపల అడుగు పెట్టలేనిదాన్ని ఏమనాలి? గుట్ట అనాలా?

ఈ మాట అల్లుడితో అనలేదు. అనను.

డిసెంబరు 9

చంటిది ఇంకా రాకముందే అందరికీ నిద్రలు లేవు. రెండింటికి లేచి కూచున్నాను.

నాగార్జునకొండ గుర్తొచ్చింది. సాగర్ నుంచి లాంచీ. నీళ్ళు రాకముందు కిందనుంచి పైకి తెచ్చి మళ్ళీ పేర్చిన పునాదులు. అక్కడి స్తూపాల ప్లాను బండిచక్రం. మధ్యలో కుండ, కుండ నుంచి ఆకుల్లాగా ఇటుక గోడలు, బయట పట్టా. సందుల్లో మట్టి. అంతా కప్పేస్తే పైనుంచి ఎవరికీ కనపడదు.

ఎందుకు అలా? ఊరికే మట్టి పోస్తే వానకు ఉబ్బుతుంది, పక్కలకు తోస్తుంది, అంచు పగులుతుంది. ఆ ఆకుగోడలు మట్టిని అరలు అరలుగా పట్టి ఉంచుతాయి. ఇటుక ఆదా, బిగువు ఎక్కువ. కల్వర్టు రెక్కగోడలు గీసినవాడికి ఇది చెప్పక్కర్లేదు. లోపల చక్రం ఉందని తెలిసింది కట్టిన మేస్త్రీకి, పైన బుద్ధుడికి.

పోగుపోయడం కాదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఎవరితోనూ అనలేదు కాబట్టి సుళువే.

మరి అమరావతి లోపల ఏముండేదో. సర్వే దొర మెకంజీ 1816లో మళ్ళీ వచ్చేసరికి నడిమధ్యన చెరువుకని గొయ్యి తీసేశారు.

డిసెంబరు 17

ఆడపిల్ల. మూడు కిలోల వంద గ్రాములు. ఇద్దరూ క్షేమం.

2019 జనవరి 8, మంగళవారం

బారసాల అయింది. అరిసెలు అడుగంటాయి, ఎవరూ ఏమీ అనలేదు.

పిల్ల నిద్రపోయినప్పుడు అమ్మాయి లాప్‌టాప్ నాకు. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న మెకంజీ ఆల్బమ్ బొమ్మలు చూస్తున్నాను. దిన్నె ప్లాను, ఒక్కొక్క పలకకు ఒక్కొక్క కాగితం. మెకంజీ పేరు మీద ఉన్నా గీసింది ఆయన కింద పనిచేసిన డ్రాఫ్ట్స్‌మెన్. ఎండలో కూచుని రాయిలో అరిగిన వేలును, విరిగిన ముక్కును విరిగినట్టే గీశారు. ఉన్నది గీయడం, లేనిది పూరించకపోవడం ఎంత కష్టమో. సెక్షన్ రైటర్లు, ట్రేసర్లు, మా జాతి.

వాళ్ళు గీసిన పలకల్లో కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు. కాగితమే మిగిలింది.

ఎవడైనా మెచ్చుకున్నాడా ఆ పూట వాళ్ళను?

జనవరి 15, సంక్రాంతి

బయట సన్నగా వాన. కంచె తలకట్టు రాయి మీద మోకులాంటి పూలదండను భుజాల మీద మోసుకుపోతున్న కుర్రాళ్ళు కళ్ళలోనే ఉన్నారు. ఆ దండ తెగదు. కంచె పొడవునా అదే దండ, ఎత్తేవాడు ఎత్తుతున్నాడు, వంగేవాడు వంగుతున్నాడు. రాతి బరువు దండ బరువైంది వాళ్ళ భుజాల మీద.

కంచె కూడా చిత్రమే. స్తంభం పక్కన గుంట తొలిచి అడ్డరాయి కొన అందులో దూర్చారు. రెండు స్తంభాల మధ్య మూడేసి. వడ్రంగి పని అది, కొయ్యకు చెయ్యాల్సింది. రాతికి చేశారు.

ఫిబ్రవరి 4, సోమవారం

నిన్న నేలపాడులో హైకోర్టుకు శంకుస్థాపన. అల్లుడు ఫోనులో చూపించాడు. డిజైను ఫోస్టర్ సంస్థది. వాళ్ళ ఆఫీసు ఈ ఊళ్ళోనే, బాటర్సీలో, నది ఒడ్డున. పాత అమరావతి రాళ్ళు ఈ ఊళ్ళోనే, కొత్త అమరావతి కాగితాలూ ఈ ఊళ్ళోనే. నవ్వొచ్చింది.

మెట్లు మెట్లుగా లేచే పైకప్పు, స్తూపం స్ఫూర్తి అంటున్నారు. బొమ్మ బాగానే ఉంది. లోపల కోర్టు హాళ్ళు, వరండాలు, లిఫ్టులు. స్తూపానికి లోపల ఎక్కడుంది? గోపురం పోలిక తీసుకో, మండపం పోలిక తీసుకో, ఒప్పుకుంటాను. లోపల లేకపోవడమే దాని లక్షణం అయితే, అది తీసేసి పైచిప్ప ఒక్కటీ పట్టుకొస్తే ఎట్లా?

అసలు నాకే ఇంకా తేలలేదు, లోపల లేని కట్టడంలో మనిషి ఎక్కడ ఉంటాడో. వాళ్ళనేం అంటాను.

ఫిబ్రవరి 16, శనివారం

ఆవిడ వచ్చింది, చివరికి. పిల్లను అల్లుడికి అప్పగించి, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ.

నా వివరాలు వినలేదు. పలకల ముందు అటూ ఇటూ తిరిగి, "ఇవి కంచెకు బయటివైపువా, లోపలివైపువా?" అంది. తామరలు ఎక్కువ బయటివైపు, కథలు ఎక్కువ లోపలివైపు అన్నాను.

"కంచె ఎంత ఎత్తు?"

మనిషికి రెండింతలు, దాదాపు.

"కంచెకూ స్తూపానికీ మధ్య దారి?"

నాలుగు మీటర్ల పైచిలుకు.

"అటు కథలు, ఇటు పలకలు. ఇంత ఎత్తున ఉంటే వెనక్కి జరిగి చూడ్డానికి చోటేదండీ?"

లేదు.

"పైగా పండగనాడు వెనకనుంచి జనం తోసుకొస్తుంటారు. అంటే నిలబడి చూసేవి కావన్నమాట" అని శాలువా సర్దుకుంది. కాఫీ తాగుదామన్నాను. ధర చూసి వద్దంది.

రైల్లో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆమె పిల్ల గురించి, నేను దారి గురించి.

ఫిబ్రవరి 18

పాత షీటు పక్కన పెట్టాను. కొత్త షీటు, 1:20. ఎలివేషను కాదు, ప్లాను కాదు. సెక్షను. ఎడమన కంచె, కుడిన పలకలు, మధ్యలో నడిచే మనిషి. అయిదున్నర అడుగుల మనిషి. కళ్ళ ఎత్తు గీత.

గీస్తుంటే తెలుస్తోంది. ఈ దారిలోకి వచ్చాక గుమ్మటం మొత్తం కనపడదు. తల ఎత్తితే వంపులో కాస్త ముక్క, దాని మీద ఆకాశం. ముందుకు చూస్తే దారి వంకర తిరిగిపోతుంది. చివర ఎప్పుడూ కనపడదు. కంచె అడ్డరాళ్ళ సందుల్లోంచి బయటి ఎండ పలకల మీద పడాలి. పొద్దున ఒకవైపు, సాయంత్రం ఇంకోవైపు. బయట ఊరు కనపడీ కనపడకుండా.

పైకప్పు లేదు. తలుపు లేదు. ఇంతకంటే గది ఏం కావాలి? 185 మీటర్ల గది. మనిషి కదిలితేనే అది కూడా కదిలే గది.

రెన్‌గారి గుమ్మటం కింద ఒక చోట నిలబడితే అంతా దొరుకుతుంది. ఇక్కడ నిలబడితే ఏమీ దొరకదు.

టీ చల్లారిపోయింది.

ఫిబ్రవరి 24

రెండువైపులా చెక్కిన రాయి ఒకటి ఉంది మ్యూజియంలో. ఒక ముఖం మీద బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కేవాళ్ళు. క్రీస్తుకు ముందు మొదటి శతాబ్దం అంటున్నారు. బుద్ధుణ్ణి మనిషిగా చెక్కని కాలం. రెండో ముఖం మీద స్తూపం బొమ్మ, దండలతో, దేవతలతో, ఒక్క అంగుళం ఖాళీ లేకుండా. మూడో శతాబ్దం.

అంటే మూడువందల ఏళ్ళు పోయాక ఒక మేస్త్రీ పాత పలకను ఊడదీసి, తిప్పి, వీపు మీద కొత్తది చెక్కించాడు. ఖాళీ ఆసనాన్ని చీకటివైపుకు పెట్టి బిగించాడు.

చెయ్యి ఎలా వచ్చింది? తాతల పని కదా. లేక వాళ్ళకు అది గొడవే కాదా? రాయి మంచిది, పని జరగాలి, అంతేనా?

జమీందారుకు ఈ మాట తెలిస్తే కోర్టులో వాడుకునేవాడు. పోలిక కుదరదనుకో. వీళ్ళు తిప్పింది స్తూపం కోసం, ఆయన తవ్వింది ఊరి కోసం. అయినా మొదటిరోజు ఉన్న కోపం ఎక్కడ పెట్టానో కనపడటం లేదు.

మార్చి 5, మంగళవారం

దాతల శాసనాలు చదువుతున్నాను. పూర్ణకుంభం పలక ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు, తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి. భిక్షుణులు ఇచ్చినవి, గృహిణులు ఇచ్చినవి, సుగంధాలు అమ్మేవాడు ఇచ్చినవి. పులుమావి కాలం శాసనమూ ఉంది. రాజు పేరుంది, రాజు ఒక్కడి పేరే లేదు.

మా కళ్ళకు ఇది ఎస్టిమేటు. పని మొత్తాన్ని విడివిడి అంశాలుగా కోశారు. స్తంభం ఒకటి, అడ్డరాయి ఒకటి, పలక ఒకటి. చెప్పులు కుట్టేవాడి శక్తికి ఒక పలక వస్తుంది. ఒకే శిఖరం, ఒకే మందిరం అయితే ఎవడో ఒకడే పెట్టుకోవాలి, ఆ ఒకడు చస్తే పని ఆగిపోతుంది. ఇది ఆగలేదు. క్రీస్తుకు ముందు మొదలుపెట్టి శతాబ్దాలపాటు పలక మార్చారు, కంచె మార్చారు, రూపు చెడలేదు. సింహళం నుంచి ధర్మకీర్తి అనే భిక్షువు వచ్చి అక్కడ ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని 1344 నాటి గడలదెణియ శాసనం. అప్పటికి అక్కడ మనవాళ్ళలో ఎంతమందికి పట్టిందో?

కొంచెం కొంచెంగా ఇవ్వడానికి వీలుగా గీసినవాడెవడు? దీనికి డ్రాయింగు అంటూ ఉండేదా, లేక నోటి లెక్కేనా?

మార్చి 22, శుక్రవారం

ప్రయాణం వచ్చేవారం. శుక్రవారాలు మ్యూజియం రాత్రి దాకా ఉంటుంది. వెళ్ళాను. వీడ్కోలు అదీ ఇదీ ఏం లేదు. సెక్షనుకు కావలసిన మూడు నాలుగు సంగతులు చూసుకోవడానికి. అడ్డరాయి కన్ను ఆకారంలో ఉంటుంది కోస్తే, మధ్యలో లావు, అంచుల్లో సన్నం. సందులోంచి వెలుతురు ఎట్లా జారుతుందో దాన్నిబట్టి.

ఒక తెల్లకుర్రాడు పక్కనే బొమ్మ వేస్తున్నాడు. ఒక్క తామర. రేకు తరవాత రేకు. వాడి పెన్సిలు మొద్దుబారితే నా షార్ప్‌నర్ ఇచ్చాను. థాంక్స్ అన్నాడు. ఇది మా ఊరిది అనాలనిపించింది. అనలేదు.

ఏప్రిల్ 6, ఉగాది. గుంటూరు

పచ్చడిలో మామిడి పులుపు ఎక్కువైంది. ఎన్నికల మైకులు. వాట్సాప్‌లో పిల్ల బోర్లాపడబోయి ఆగిపోయిన వీడియో, ఆవిడ వందసార్లు చూసి ఉంటుంది.

షీటు గొట్టంలో చుట్టి తెచ్చాను. విమానంలో నలగలేదు.

ఏప్రిల్ 10, బుధవారం. అమరావతి

రేపు ఓట్లు. ఇవాళే వచ్చేశాం, పొద్దున్నే, ఎండ ముదరకముందు. ఊళ్ళో జెండాలు. దిన్నె దగ్గర ఎవరూ లేరు, ఒక కావలి మనిషి, రెండు మేకలు.

ఇటుకల వలయం, లోపల గడ్డి. పక్కన నాటిన రాళ్ళు కొన్ని. ఇన్నేళ్ళూ వచ్చినప్పుడల్లా "ఏముంది ఇక్కడ" అని మ్యూజియంలోకి పోయేవాణ్ణి. దారి ఉంది ఇక్కడ. మొత్తం దారి ఉంది. ఎవరూ ఓడెక్కించలేనిది అదొక్కటే.

టేపు తీశాను. "ఏం కొలుస్తున్నారు సార్, సర్వేనా? భూమి పోతుందా?" అన్నాడు కావలి మనిషి కంగారుగా. కాదయ్యా అన్నాను. నమ్మలేదు. టేపు రెండో కొస పట్టుకోమంటే మాత్రం పట్టుకున్నాడు.

ఆవిడ చెప్పులు విడిచి నడుస్తోంది, ఇటుకలు కుడిచేతి పక్కన ఉండేట్టు. కాళ్ళు కాలవా అంటే పలకలేదు. ఒక చుట్టు తిరిగొచ్చి నీళ్ళు తాగి అడిగింది.

"నాలుగు వాకిళ్ళున్నాయి కదా. దేంట్లోంచి లోపలికొచ్చేవాళ్ళు?"

తూర్పు, అన్నాను. ప్లానులో తూర్పు వాకిలి మీదే సెక్షను గీత కోశాను నేను.

"అదేంటి? ధరణికోట పడమట కదా. ఊళ్ళోంచి నడిచొచ్చేవాళ్ళు చుట్టు తిరిగి తూర్పుకి పోయి వస్తారా?"

శాస్త్రం, అన్నాను. గుళ్ళకు తూర్పేగా.

"గుడి కాదన్నారుగా మీరే."

విధికుడు ఇంటిల్లిపాదితో ఏ వాకిట్లోంచి వచ్చుంటాడు? పలక ఏ దిక్కున పెట్టించమని అడిగుంటాడు, తను రోజూ వచ్చే దారిలోనా? ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నవి ఏ దిక్కున దొరికాయో రీ దొర తవ్వకాల రిపోర్టుల్లో చూడాలి. అక్కడ మాత్రం ఏం వీలు, ఒకప్పుడు సిమెంటుతో గోడలో పొదిగేశారు వాటిని. అయినా చెన్నై వెళ్ళాలి. మే నెల్లో వద్దు, చచ్చిపోతాం. జూన్ చివర్న.

అందాకా సెక్షను గీతకు ఏ, ఏ అని పెట్టిన అక్షరాలు రబ్బరుతో చెరిపేశాను.